కడపలో పది శాతం పార్కు: రెండు లేఅవుట్లు, మధ్యలో ఒక గోడ

నేను కడపలో ఎల్‌టీపీగా పనిచేస్తా, అంటే లేఅవుట్లు, ఇంటి ప్లాన్లు గీసి అప్రూవల్‌కి పెట్టే లైసెన్సుడు మనిషిని. ఇన్నేళ్లలో నేను గీసిన ఓపెన్ స్పేసుల్లో సగానికి పైన పార్కుకి పనికొచ్చేవి కావు, ఆ సంగతి గీసేటప్పుడే నాకు తెలుసు, అయినా గీసినా. లేఅవుట్ గీసే వరసే అట్లుంటాది. ఫస్టు రోడ్లు, తర్వాత మెయిన్ రోడ్డు ప్లాట్లు, తర్వాత తూర్పు ఫేసింగ్, ఉత్తరం ఫేసింగ్, అన్నీ అయినాక చివర్లో మిగిలిన కోసు ముక్క, హై టెన్షన్ కరెంటు లైన్ కింద పోయే పట్టీ, వంక పక్కన గుంత, ఇవన్నీ కలిపి పార్కుకని రూలు అడిగే పది శాతం అయినాయా లేదా అని ఏరియా కొట్టి చూసుకుంటాం, అయితే పచ్చరంగు పూసేస్తాం. ఓనరు పక్కనే కుర్చీ ఏసుకోని కూర్చోనుంటాడు, "సార్, ఆ ఆగ్నేయం మూల ముక్క ఎవురూ కొనరు, దాన్ని పార్కుకి తోసెయ్" అంటాడు. తోసేస్తాం.

అట్ల తొయ్యకుండా చేసిన ఒక్క పని గురించి ఇది. అంతా బాగా కుదరలేదు. కానీ ఏది ఎందుకు కుదిరింది, ఏది యాడ చెడింది అని రాసి పెడితే ఇంకో ఊర్లో ఇంకో ఎల్‌టీపీకన్నా పనికొస్తాదని రాస్తాండా.

ముందు జనాభా లెక్క చూడాల, చానా మంది తప్పు పోయేది ఇక్కడే. 2001 సెన్సస్‌లో కడప మున్సిపాలిటీ జనాభా 1.26 లక్షలు, 2011లో కార్పొరేషన్ జనాభా దాదాపు 3.44 లక్షలు. చూసినోళ్లు పదేళ్లలో ఊరు రెండున్నర రెట్లు దాటిపోయిందే అనుకుంటారు. అట్ల కాదు. మధ్యలో మున్సిపాలిటీ కార్పొరేషన్ అయింది, చిన్నచౌకు, అక్కాయపల్లి, చెమ్ముమియాపేట లాంటివి లోపలికొచ్చినాయి. చుట్టుపక్కల ఊర్లు కలిపి చూస్తే 2001లోనే 2.62 లక్షల మంది ఉన్నారు, అంటే నిజంగా పెరిగింది 30 శాతం చిల్లర. మిగతాదంతా బోర్డర్ జరిగినందుకు వచ్చిన జనమే. పార్కుల లెక్కలో ఈ తేడా చానా పెద్దది, ఎందుకంటే కొత్తగా పడే కాలనీకైతే ముందే జాగా ఆపుకోవచ్చు, కలిసిన ఊరు మాత్రం ఇండ్లతో, సందులతో, పంచాయతీ టైములో ఎవురిష్టమొచ్చినట్ల ఏసిన ప్లాట్లతో సహా వస్తాది, పార్కు ఒక్కటే తెచ్చుకోదు.

ఇంకోటి, మేం పని మొదలుపెట్టింది 2018లో, చేతిలో ఉన్న సెన్సస్ ఏడేళ్ల పాతది, 2021లో జరగాల్సింది వాయిదా పడింది. కాబట్టి జనాన్ని వేరే దారిలో లెక్కపెట్టుకోవాల్సొచ్చింది. ఇంటి పన్ను చూస్తే మోసపోతాం. మూడు పోర్షన్ల ఇంటికి పన్ను ఒకటే ఉంటాది, కరెంటు మీటర్లు మాత్రం మూడుంటాయి. అందుకని నేనూ మా ఆఫీసు పిల్లోడూ సాయంత్రం పూట బండి మీద తిరిగి గేటు పక్కన గోడకి బిగించిన మీటర్లు లెక్కేసుకున్నాం. ఒకాయన అయితే మమ్మల్ని కరెంటోళ్లనుకోని "బిల్లు కట్టినాం అబ్బా" అని రసీదు పట్టుకోని బయటికొచ్చినాడు. మోటుగానే ఉండొచ్చు గానీ వీధి స్థాయిలో ఇంతకన్నా నమ్మకమైన లెక్క నాకు దొరకలేదు.

ఇంక ఎంత పార్కు కావాల అనేది. దీనికి అందరూ పట్టుకునేది కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 2014లో ఇచ్చిన యూఆర్‌డీపీఎఫ్‌ఐ గైడ్‌లైన్స్, అంటే ఊర్లు ఎట్ల ప్లాన్ చేసుకోవాల అని చెప్పేవి. మనిషికి 10 నుంచి 12 చదరపు మీటర్ల ఓపెన్ స్పేస్ అంటారు దాంట్లో. 5,000 మందికి అర హెక్టారు చిన్న పార్కు, 15,000 మందికి ఒక హెక్టారుది, లక్ష మందికి 5 హెక్టార్లది, 5 లక్షలకి 25 హెక్టార్లది, ఇట్ల మెట్లు మెట్లుగా ఉంటాది. 3.44 లక్షల మందికి పది చొప్పున ఏసుకుంటే 344 హెక్టార్లు, మన భాషలో 850 ఎకరాలు. వినడానికి గుండె ఆగిపోతాది. కానీ కార్పొరేషన్ విస్తీర్ణమే 164 చదరపు కిలోమీటర్లు, దాంట్లో ఇది రెండు శాతమే! ఊరంతా కలిపి చూస్తే స్థలం కొరతే లేదన్నమాట. శివార్లలో ఎంతన్నా దొరుకుతాది, పాత ఊర్లో ఏడురోడ్ల చుట్టుపక్కల, అల్మాస్‌పేటలో పది సెంట్లు ఖాళీ చూపియ్యమంటే చూపియ్యలేం. అందుకే మనిషికి ఇన్ని మీటర్లు అనే సగటు నాకు పెద్దగా పనికిరాలేదు, ఇంటి నుంచి ఎంత దూరం నడవాల అనేదే పనికొచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ ఆఫీసు 2016లో ఒక రిపోర్టు ఏసింది, 300 మీటర్ల లోపల అర హెక్టారో హెక్టారో పచ్చదనం ఉండాలని, అంటే ఐదు నిమిషాల నడక. మే నెల కడప ఎండలో మోకాళ్ల నొప్పులున్న అవ్వకి 300 మీటర్లు కూడా ఎక్కువే, నన్నడిగితే.

ఇప్పుడు అసలు చిక్కు. మన లేఅవుట్ రూల్స్ 2017లో, జీవో 275, మొత్తం స్థలంలో పది శాతం పార్కుకీ ఆటస్థలానికీ వదలాల. ఆ జాగాని, రోడ్లని గిఫ్ట్ డీడ్ చేసి స్థానిక సంస్థకి ఇచ్చెయ్యాల. రూలు మంచిదే, నేను దాని మీద బతికినోన్ని. కానీ అది భూమిని కొలుస్తాది, మనుషుల్ని కొలవదు. పదెకరాల లేఅవుట్ తీసుకుందాం. పార్కుకి ఎకరా పోతాది, అంటే 4,047 చదరపు మీటర్లు. రోడ్లు గీడ్లు పోను అమ్ముకునేది ఎకరాకి 55 సెంట్ల దగ్గర, 4 సెంట్ల ప్లాట్లేస్తే 137 వస్తాయి. ఇంటికి నలుగురు అనుకుంటే 548 మంది, మనిషికి 7.4 మీటర్లు. పర్వాలేదు. పదేళ్లలో ఆ 137 ఇండ్లూ జీ ప్లస్ టూ అయిపోతాయి, కింద ఓనరు, పైన రెండు బాడుగలు. అప్పుడు 1,644 మంది, మనిషికి రెండున్నర మీటర్లు కూడా రావు. పార్కు అదే, ఊరు పైకి పెరిగింది. ఇల్లు కట్టేటప్పుడు ప్లాన్ నేనే గీస్తా, సెట్‌బ్యాకులు, అంటే ఇంటి చుట్టూ వదిలే ఖాళీ, చూస్తాం, పార్కింగ్ చూస్తాం, ఈ వీధికి పార్కు చాల్తాదా అని అడిగే కాలమ్ ఏ ఫారంలోనూ నేను చూడలా.

ఇంకో కిటుకు కూడా ఉంది. అర హెక్టారు అంటే 1.24 ఎకరాలు. పది శాతం నుంచి అంత రావాలంటే లేఅవుట్ కనీసం పన్నెండున్నర ఎకరాలుండాల. మా దగ్గరికొచ్చేవి మూడెకరాలు, ఐదెకరాలు, మహా అయితే పది. అంటే ఒక్కొక్క లేఅవుట్ రూలు తప్పకుండా చేసినా ఊరికి ఒక్క సరైన పార్కు కూడా పుట్టదు, ముప్పై సెంట్ల ముక్కలు ఓ వంద పుడతాయి. దానికి తోడు వంక బఫర్, అంటే వంక పక్కన ఏం కట్టకుండా వదలాల్సిన పట్టీ. పది మీటర్లు దాటిన వాగుకి తొమ్మిది మీటర్లు, పది హెక్టార్లు దాటిన చెరువుకి ఎఫ్‌టీఎల్ నుంచి, అంటే చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు నుంచి, 30 మీటర్లు వదలాలని బిల్డింగ్ రూల్స్‌లో ఉంది, మంచిదే. కానీ ఆ వదిలిన పట్టీని ఓపెన్ స్పేస్ లెక్కలో కలుపుకోవచ్చు అని కూడా ఆ రూల్స్‌లోనే ఉంది. ఇంకేం, ముళ్లకంపల పట్టీ అంతా పార్కే! ఆ వాక్యం మా పాలిటి కామధేనువు, నేనూ పిండినా.

ఇప్పుడు కేసు. ఊరి శివార్లో, పేరొద్దు, రెండు లేఅవుట్లు పక్కపక్కనే ఒకే ఏడాది నా దగ్గరికొచ్చినాయి, ఒకటి 9 ఎకరాలు, ఇంకోటి 11. ఓనర్లిద్దరూ వరసకి బావాబామ్మర్దులు, ఏదో దారి తగాదాలో మాటల్లేవు, ఒకాయన పొద్దున వస్తే ఇంకాయన సాయంత్రం వచ్చేటోడు. రెండు డ్రాయింగులు ఒకే స్క్రీన్ మీద పక్కపక్కన పెట్టి చూస్తే ఒకాయన పార్కు పడమర చివర్లో, ఇంకాయన పార్కు దక్షిణం మూలన. 90 సెంట్లు ఒకటి, 110 సెంట్లు ఒకటి. విడివిడిగా రెండూ అర హెక్టారుకి తక్కువే. ఇద్దరికీ ఉన్న ఉమ్మడి గట్టు మీదికి రెండూ జరిపితే రెండెకరాలు ఒకే చోట, 0.8 హెక్టారు, చిన్న పార్కు కొలత దాటిపోతాది. ఒక్క గజం కూడా ఎవురూ ఎక్స్‌ట్రా పోగొట్టుకోరు.

ఓనర్లిద్దర్లో పెద్దాయనకి గైడ్‌లైన్స్ చెప్పినా, ఆరోగ్యం చెప్పినా, పిల్లోళ్లు చెప్పినా. విని టీ తాగి "అట్లనే సామీ, చూద్దాం" అని పోయినాడు. రెండోసారి వచ్చినప్పుడు వేరే రకంగా చెప్పినా. అన్నా, ఇప్పుడు నీకు పార్క్ ఫేసింగ్ ప్లాట్లు ఆరు, గట్టు మీదికి జరిపితే పద్నాలుగు. బ్రోచర్లో రెండెకరాల పార్కు అని ఏసుకోవచ్చు, అది అబద్ధం కూడా కాదు. ఆయన కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "వాడు ఒప్పుకున్నాడా?" అన్నాడు. "నువ్వు ఒప్పుకున్నావని చెప్తే ఒప్పుకుంటాడు" అన్నా. సాయంత్రం చిన్నాయనకి కూడా అదే మాట తిప్పి చెప్పినా. ఇద్దర్నీ ఒక గదిలో కూర్చోబెట్టింది లేదు, రెండు డ్రాయింగుల్లో గట్టు మాత్రం ఒకటే అయింది. ప్లానింగ్ అంటే మా దగ్గర సగం ఇదే.

ఒక్కటి మర్చిపోయినా, అది గోడ. ఎవురి లేఅవుట్‌కి వాళ్లు ఏడడుగుల ప్రీకాస్ట్ కాంపౌండ్ బిగిస్తారు కదా, గట్టు మీద కూడా బిగించేసినారు, పార్కు మధ్యలో! డ్రాయింగులో రెండు పచ్చ ముక్కలు ఒకటిగా కలిసి కనపడతాండాయి, ఆడికి పోయి నిలబడితే ఇటు 90 సెంట్లు, అటు 110 సెంట్లు, మధ్యలో సిమెంటు పలకలు. గిఫ్ట్ డీడ్లు కూడా రెండు, వేరే వేరే తేదీల్లో. గోడ తీయమంటే ఇద్దరూ "వాన్ని తీయమను" అన్నారు. నేను డ్రాయింగు నోట్సులో ఒక్క లైను రాసుంటే సరిపోయేది, ఉమ్మడి హద్దులో ఓపెన్ స్పేస్ వెంబడి గోడ లేకుండా, అని. రాయలేదు. తప్పు నాదే.

పార్కు లోపల ఏం పెట్టాలనే దాంట్లో నా మాట కొంచెం ఎక్కువే చెల్లింది, ఎందుకంటే తక్కువ ఖర్చని చెప్పినా. అందరికీ లాన్ కావాల, ఫోటోలో బాగుంటాది. లెక్క ఏసి చూపిచ్చినా. ఎండాకాలంలో లాన్‌కి రోజుకి చదరపు మీటరుకి కనీసం 5 లీటర్లు పొయ్యాల. రెండెకరాలంటే 8,000 మీటర్లు, రోజుకి 40,000 లీటర్లు, ఐదువేల లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది. మనిషికి రోజుకి 135 లీటర్లు ఇయ్యాలనేది నీళ్ల ప్లానింగులో లెక్క, అంటే ఆ గడ్డి 300 మంది నీళ్లు తాగుతాది. అదే చెట్లయితే, మేం పెట్టినవి 120 మొక్కలు, వేప, కానుగ, నేరేడు, గేటు దగ్గర రెండు చింత, మొక్కకి ఇరవై లీటర్లు వారానికి రెండుసార్లు, మొత్తం వారానికి ఒక్క ట్యాంకరు. అదీ మొదటి రెండు మూడు ఎండాకాలాలే. ట్యాంకర్ బిల్లు కట్టే కాలనీ సంఘం ప్రెసిడెంటుకి ఆ లెక్క ఎంత బాగా అర్థమయిందంటే, తర్వాత ఆయనే నాకన్నా గట్టిగా లాన్ వద్దని చెప్పుకుంటా తిరిగినాడు. కోనోకార్పస్ మాత్రం పెట్టనియ్యలేదు, తొందరగా పెరుగుతాదని నర్సరీ ఆయన ఎంత చెప్పినా సరే.

ఇంకో పని, పార్కుని రోడ్డు కన్నా అడుగు కిందికి పెట్టినాం. మామూలుగా మన దగ్గర పార్కు అంటే ఎర్రమట్టి తోలి రోడ్డు కన్నా ఎత్తు లేపుతారు, వాన నీళ్లన్నీ వీధిలోకి. ఇక్కడ సగం భాగం, ఎకరా అంత, అడుగు లోతు పళ్లెం లాగా తవ్వినాం, నిండితే 12 లక్షల లీటర్లు పడ్తాయి. తవ్విన మట్టి ఓనర్లే రోడ్లకి వాడుకున్నారు, అందుకే ఒప్పుకున్నారు కూడా. 2020 నవంబర్‌లో నివర్ తుఫాను వచ్చి, ఊరి మధ్యలోంచి పోయే బుగ్గవంక ఊర్లోకి పొంగినప్పుడు మా పార్కు కూడా చెరువయింది, వాట్సాప్‌లో నాకు ఫోటోలొచ్చినాయి, "ఏం సార్ ఇది పార్కా కుంటా" అని. మూడో రోజుకి ఇంకిపోయింది. ఆ ఫోటోలు పంపినోళ్ల వీధిలో మాత్రం నీళ్లు నిలబడలేదు, ఆ సంగతి వాళ్లెవురూ అనలేదనుకోండి.

బెంచీల దగ్గర బాగా బోల్తా పడినాం. కడపలో ఉండి కడప బండ వాడకపోతే ఎట్లని నల్లబండ బెంచీలు పది చేయించినా, నున్నగా పాలిష్ పట్టించి, నాకే ముచ్చటేసింది. ఏప్రిల్‌లో సాయంత్రం ఐదున్నరకి పోయి కూర్చున్నా. కూర్చున్నంత సేపు పట్టలా లేయడానికి, పెనం మీద కూర్చున్నట్లే. ఆరున్నర దాకా ముసలోళ్లు బెంచీ పక్కన నిలబడి మాట్లాడుకుంటాండారు, బెంచీ మీద వాళ్ల టిఫిన్ క్యారియర్. తర్వాత ఎనిమిది బెంచీలు లేపి, ఎదిగే వేపచెట్లకి తూర్పు పక్కన పెట్టించినాం, సాయంత్రం పడమటెండకి నీడ తూర్పుకే పడ్తాది కాబట్టి. మిగిలిన రెండు గేటు పక్కన అట్లే ఉండాయి, పొద్దున పూట పేపరు చదివేటోళ్లకి.

గేటు టైములు కూడా ఒక పాఠమే. మొదట్లో సాయంత్రం నాలుగు నుంచి ఏడు అని బోర్డు పెట్టినారు. నాలుక్కి ఎండలో ఎవురొస్తారు? ఆడోళ్లకి పని తెమిలేది ఏడుకి. రంజాన్ నెలలో అయితే తరావీ నమాజు అయినాక తొమ్మిదిన్నరకి పిల్లోళ్లనేసుకోని కుటుంబాలు కుటుంబాలే బయటికొస్తాయి మన ఊర్లో, అప్పటికి తాళం. ఇద్దరు ముగ్గురు అమ్మలు ప్రెసిడెంటు ఇంటికే పోయి అడిగినారు. ఇప్పుడు పది దాకా ఉంటాది, నాలుగు ఎల్‌ఈడీ లైట్లు ఏసినారు, దానికయిన ఖర్చు బెంచీలకయినదాంట్లో సగం కూడా లేదు.

మధ్యలో పార్కులో కమ్యూనిటీ హాలు కడదామని ఒక మాట లేచింది, ఇరవై సెంట్లే కదా అన్నారు. అప్పుడు బెంగళూరు కేసు చెప్పినా, 1991లో సుప్రీంకోర్టు తీర్పు, పార్కుకి వదిలిన జాగాని ప్రైవేట్ ఆసుపత్రికి ఇస్తే కొట్టేసినారు. లేఅవుట్‌లో పార్కు అని చూపిచ్చినాక అది అందరిదీ, మీ మీటింగు తీర్మానంతో మారదు అని. ఒకాయన కోపంగానే లేచిపోయినాడు గానీ మళ్లీ ఎవురూ ఎత్తలేదు.

పాత ఊరికి మాత్రం మేం చేసింది ఏం లేదు, అది కూడా చెప్పాల. గూగుల్ ఎర్త్ మీద 300 మీటర్ల గుండ్రాలు గీసుకుంటా పోయినా, ఏ గుండ్రంలో చూసినా స్కూలు గ్రౌండు తప్పితే ఖాళీ లేదు, సాయంత్రం అయితే దానికి గేటు. మృత్యుంజయకుంట అని పేర్లోనే కుంట ఉంది, చుట్టూ ఇండ్లే. బుగ్గవంక వెంబడి పొడుగ్గా నడకదారి, చెట్లు పెట్టుకుంటే పాత ఊరి మధ్యలోంచి పోయే పార్కు అయ్యేది, నాకు ఇప్పటికీ ఆశ. కానీ 2001 వరద తర్వాత రెండు పక్కలా గోడలు లేచినాయి, వరదకి అవి కావాల్సినవే, కాకపోతే ఇంటి ముందర వంక ఉన్నోడికి ఇప్పుడు కనపడేది గోడే. ఊర్లలో నీళ్లకి, డ్రైనేజీకి కేంద్రం డబ్బులిచ్చే అమృత్ పథకం 2015లో వచ్చినప్పుడు పార్కులకి మొత్తంలో రెండున్నర శాతం లోపలే పెట్టుకోమన్నారు. ఆ డబ్బుతో ఉన్న పార్కు బాగుచేసుకోవచ్చు, పాత ఊర్లో కొత్త జాగా కొనలేం. అప్రూవల్ లేని లేఅవుట్లని రెగ్యులరైజ్ చేసేటప్పుడు, పది శాతం వదలనందుకు ప్లాటు విలువలో 14 శాతం ఓపెన్ స్పేస్ చార్జీ అని 2020 రూల్స్‌లో పెట్టినారు. ఆ డబ్బు ఆ వార్డులోనే జాగా కొనడానికి ఖర్చయితే దీంట్లో చానా చిక్కులు తీరుతాయని నా అభిప్రాయం.

గోడ సంగతి ఏమయిందంటే, పెద్దలు తీయలేదు, పిల్లోళ్లు తీసినారు. క్రికెట్ బాలు అటు పడ్డప్పుడల్లా ఎక్కి దూకి దూకి ఒక పలక జారింది, ఆ సందులోంచి ఒకరోజు ముసలాయన వంగి దూరినాడు, తర్వాత ఎవురో రెండో పలక కూడా లేపి పక్కన పెట్టినారు. ఇప్పుడు ఆరడుగుల దారి ఉంది. బైకులు పోకుండా రెండు ఇనప పైపులు వంచి పాతినారు. మిగతా గోడ అట్లే ఉంది, దాని మీద పిల్లోళ్లు బొగ్గుతో స్టంపులు గీసుకున్నారు. ఓనర్లిద్దరికీ ఇప్పటికీ మాటల్లేవు. 137 ఇండ్లు పైకి లేస్తాయని ముందు ఏసిన లెక్క నేను చెప్పినట్లే నడుస్తాంది, పార్క్ ఫేసింగ్ ప్లాట్లలో అప్పుడే మూడంతస్తులు లేస్తాండాయి, మీటర్లు మళ్లీ లెక్కపెట్టాల.

పోయిన వారం ఆ రెండింటికి దక్షిణంగా ఏడెకరాలున్న ఇంకో ఆయన స్కెచ్ పట్టుకోని వచ్చినాడు. కూర్చోని టీ చెప్పకముందే "సార్, ఆ మూల ముక్క" అని మొదలుపెట్టినాడు. నేను ఆయన స్కెచ్ పక్కన పెట్టి ఫస్టు పక్క లేఅవుట్ల ఫైల్ తెరిచినా. డెబ్బై సెంట్లు గట్టు మీదికి జరిపితే అంతా కలిసి రెండెకరాల డెబ్బై సెంట్లు అవుతాది, ఒక హెక్టారు దాటుతాది. ఈసారి గోడ లైను నోట్సులో టైప్ చేసి పెట్టినా. ఇంట్లో అడిగి శుక్రవారం వస్తానని పోయినాడు.